రీజోనింగ్ నోటీసు: 140 సంతకాలు ఇస్తే ఒక్కటీ లెక్కకు రాదంటున్నారు, ఏం చెయ్యాలి?

పెరటి కరివేపాకు (రాత్రి 11:52)

అందరికీ నమస్కారం. ఆఫీసు పని అయిన దగ్గర్నుంచి దీని మీదే కూర్చున్నాను, అన్నం కూడా ల్యాప్‌టాప్ ముందే తిన్నాను. తల పగిలిపోతోంది. మా వెనక ఖాళీ స్థలంలో అపార్ట్‌మెంట్లు కడతారట, దానికోసం ఆ స్థలం జోనింగ్ (ఏ నేలలో ఏం కట్టొచ్చన్న సిటీ నియమం) మార్చాలని సిటీ నుంచి కవరు వచ్చింది. మా సబ్‌డివిజన్‌లో అన్నీ సింగిల్ ఫ్యామిలీ ఇళ్ళే. కొన్నప్పుడు వెనకాల ఏమీ రాదని బిల్డర్ సేల్స్ ఆఫీసులో మాటిచ్చారు. ఆ మాట నమ్మే లాట్ ప్రీమియం (ఆ స్థలానికి అదనపు ధర) కట్టాం.

రెండు శని, ఆదివారాలు ఇల్లిల్లూ తిరిగి, ఆన్‌లైన్ పిటిషన్ కూడా పెట్టి 140 ఇళ్ళ సంతకాలు పోగేశాం. 20 శాతం వ్యతిరేకిస్తే కౌన్సిల్‌లో నాలుగింట మూడొంతుల ఓట్లు కావాలని చదివాను. మావి 310 ఇళ్ళు, అంటే మాకు 45 శాతం ఉన్నట్టే కదా. ఇవాళ సిటీ ప్లానర్‌కి పంపితే "ఇవి ప్రొటెస్ట్ కింద లెక్కకు రావు" అని ఒక్క లైను జవాబు. ఎందుకు రావో లేదు. వెబ్‌సైట్‌లో ఫారం నింపుదామంటే పార్సెల్ నంబర్ దగ్గర ప్రతిసారీ తిప్పికొడుతోంది. మంగళవారమే హియరింగ్. తెలిసినవాళ్ళు కాస్త దారి చెప్పండి.

చిన్నమాట (12:03)

ఏ సిటీ? ఆ స్థలానికి ఇప్పుడున్న జోనింగ్ ఏంటి? మంగళవారంది ప్లానింగ్ అండ్ జోనింగ్ కమిషనా, కౌన్సిలా? ఇవి చెప్పకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

ముందుతరం (12:20)

మీ ఆవేదన అర్థమైంది. కానీ ఈ "సింగిల్ ఫ్యామిలీ పక్కన అపార్ట్‌మెంట్ రాకూడదు" అన్న మాట ఎక్కడ పుట్టిందో ఒక్కసారి తెలుసుకోండి. ఒహాయోలో క్లీవ్‌లాండ్ పక్కన యూక్లిడ్ అనే చిన్న ఊరు. అక్కడ ఆంబ్లర్ రియాల్టీకి 68 ఎకరాలుండేవి. ఊరివాళ్ళు జోనింగ్ పెట్టి ఏది ఎక్కడ కట్టాలో గీతలు గీస్తే ఆ కంపెనీ కోర్టుకెక్కింది. 1926లో అమెరికా సుప్రీంకోర్టు ఊరి పక్షానే తీర్పిచ్చింది. తీర్పు రాసిన జస్టిస్ సదర్లాండ్, ఇళ్ళ మధ్య వచ్చే అపార్ట్‌మెంట్‌ని పరాన్నజీవితో పోల్చారు. చుట్టూ ఉన్న ఇళ్ళ వల్ల వచ్చిన ఖాళీ జాగానూ ఆహ్లాదమైన పరిసరాలనూ వాడుకోవడానికే దాన్ని కడతారని ఆయన వాదన. ఈ దేశంలో జోనింగ్ అంతా ఆ తీర్పు మీదే నిలబడింది.

నేను 1998లో వచ్చినప్పుడు నలుగురం ఒక రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం. మనలో చాలామంది మొదటి గూడు అదే. ఆ తీర్పు చదివినప్పటి నుంచి "అపార్ట్‌మెంట్లు వద్దు" అని అనడానికి నాకు నోరు రాదు.

కూకట్‌పల్లి టు ప్లేనో (12:31)

అన్నా, గీ చరిత్ర అంత ఇప్పుడెందుకు? ఆయనకు మంగళవారం హియరింగ్ ఉన్నది. మా దిక్కు నాలా కన్వర్షన్ లెక్కనే కదా ఇది? వ్యవసాయ భూమిని మార్చుకుని కడతరు, పక్కోళ్ళను అడిగేదే లేదు. ఈడ కనీసం ఉత్తరమన్నా పంపుతున్నరు.

చిన్నమాట (12:34)

నాలా వేరు, ఇది వేరు. నాలా రెవెన్యూ పని, 2006 చట్టం. రీజోనింగ్‌కి మనవైపు సాటి వచ్చేది మాస్టర్ ప్లాన్‌లో ల్యాండ్ యూజ్ మార్పు. రెండూ కలపొద్దు.

కూకట్‌పల్లి టు ప్లేనో (12:38)

ఏదైతేంది, భూమి మారుడే కదా. ఇంకో ముచ్చట. హైదరాబాద్‌ల అపార్ట్‌మెంట్ అంటే మనం కొనుక్కునే ఫ్లాట్. ఈడ అపార్ట్‌మెంట్ అంటే కిరాయిది, కొనుక్కుంటే కాండో. మావోళ్ళకు ఫోన్‌ల చెప్తే "అపార్ట్‌మెంట్ వస్తే మంచిదే కదా, మీ జాగకు రేటు పెరుగుతది" అంటరు. పదం ఒక్కటే, అర్థం పూర్తిగా వేరే.

పెరటి కరివేపాకు (12:45)

సిటీ పేరు ఇక్కడ పెట్టను, ఏమీ అనుకోకండి. డాలస్‌కి ఉత్తరాన, కాలిన్ కౌంటీలోదే. మంగళవారంది కమిషన్ హియరింగ్. కౌన్సిల్‌కి ఇంకా తేదీ ఇవ్వలేదు.

ముందుతరం గారూ, మేం అద్దెకుండేవాళ్ళని ఒక్క మాట అనలేదు. మా భయమంతా నాలుగంతస్తుల పైనుంచి మా పెరళ్ళలోకి చూపు పడటం, ట్రాఫిక్, స్కూళ్ళు నిండిపోవడం. ఆ పెరట్లో మా పిల్లలు ఆడుకుంటారు.

పాత సర్వేయరు (12:58)

బాబూ, నేను ఇక్కడ సివిల్ సర్వే కంపెనీలో చేసి రిటైరయ్యాను. ఇలాంటి మ్యాపులు చాలా గీశాను. ముందు నీ చేతిలో ఉన్న కవరు తియ్యి. లోపల ఒక మ్యాపు ఉంటుంది. స్థలం మీద అడ్డగీతలు, దాని చుట్టూ ఒక చుక్కల గీత. ఆ చుక్కల గీతే 200 అడుగుల హద్దు. టెక్సస్ చట్టంలో ప్రొటెస్ట్‌కి లెక్కకొచ్చేది ఆ హద్దు లోపలి నేల మాత్రమే. మనుషుల్ని లెక్కపెట్టరు, ఇళ్ళని లెక్కపెట్టరు, నేల వైశాల్యాన్ని లెక్కపెడతారు. అది కూడా ఆ నేల యజమాని రాసిచ్చి సంతకం పెడితేనే. నాలుగు వీధుల అవతల ఉన్నాయన సంతకానికి విలువ సున్నా. ఆన్‌లైన్ పిటిషన్ కూడా అంతే. 310లో 140 అన్న లెక్క అక్కడికక్కడే పోయింది. ప్లానర్ ఆ ముక్క చెప్పి ఉండాల్సింది.

కవరు వచ్చింది కాబట్టి హద్దులో ఉన్నామని కూడా అనుకోకు. చాలా సిటీలు 200 అడుగులు దాటి కూడా మర్యాదకి ఉత్తరాలు పంపుతాయి. చుక్కల గీత మీ ఇంటిని ఎక్కడ తాకుతోందో చూసి చెప్పు. స్థలం ఎంత, ఏ ఆకారం, మీ కంచెకీ దానికీ మధ్య ఏముంది?

ఇక ఫారం సంగతి. నువ్వు నోటీసులో ఉన్న నంబరు కొడుతున్నట్టున్నావు. అది డెవలపర్ స్థలానిది. వాళ్ళకి కావాల్సింది మీ ఇంటి నంబరు. కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైట్‌లో మీ అడ్రసు కొడితే ప్రాపర్టీ ఐడీ వస్తుంది, అది వేసి చూడు.

పెరటి కరివేపాకు (1:10)

అంకుల్, ఫారం తీసుకుంది! మూడు గంటలు ఆ నంబరు దగ్గరే ఉన్నాను.

మ్యాపు ఇప్పుడే దీపం కింద పెట్టి చూశాను. చుక్కల గీత మా పెరటి మధ్యలోంచి పోతోంది, సరిగ్గా కరివేపాకు కుండీ ఉండే చోట. ఇంటి గోడని తాకలేదు. మా కంచె తర్వాత హెచ్‌ఓఏ (మా ఇళ్ళ యజమానుల సంఘం) గ్రీన్‌బెల్ట్ ఉంది, నడకదారీ నీళ్ళ కుంటా కలిపి ఒక 120 అడుగుల వెడల్పు. దాని తర్వాతే ఆ స్థలం. ఎనిమిదెకరాల పైచిలుకు, ఇంచుమించు చదరం. ఒకవైపు మేము, ఒకవైపు చర్చి, ఒకవైపు ఆరు లేన్ల రోడ్డు, ఇంకోవైపు షాపులు.

పాత సర్వేయరు (1:31)

ఎనిమిదెకరాల చదరమంటే ఒక్కో పక్క సుమారు 600 అడుగులు. చుట్టూ 200 అడుగుల పట్టీ తీస్తే, మూలలు గుండ్రంగా వేసుకుని, 6,05,000 చదరపు అడుగుల పైన వస్తుంది. దాదాపు 14 ఎకరాలు. మీ వైపు పట్టీ 600 పొడవు, 200 వెడల్పు, అంటే 1,20,000. మొత్తంలో 19.8 శాతం. అందులో గ్రీన్‌బెల్ట్ వాటా 72,000. మీ పెరళ్ళన్నీ కలిపినా 48,000, అది ఎనిమిది శాతం కూడా లేదు. అరవై అడుగుల లాట్లయితే మీ వరసలో పది ఇళ్ళు. అంటే నువ్వు తెచ్చిన 140లో పనికొచ్చేవి పదికి మించవు. వాటన్నిటికంటే హెచ్‌ఓఏ సంతకం ఒక్కటే ఎక్కువ బరువు. గ్రీన్‌బెల్ట్ యజమాని హెచ్‌ఓఏ కదా. బోర్డు తీర్మానం చేసి, అధికారం ఉన్నవాళ్ళ చేత సంతకం పెట్టించాలి. మేనేజ్‌మెంట్ కంపెనీ ఆవిడ పెడితే చెల్లకపోవచ్చు.

రోడ్లూ సందులూ కూడా మొత్తం వైశాల్యంలో కలుపుతారు. ఆ ఆరు లేన్ల రోడ్డు మీకు ఓటెయ్యదు, లెక్కలో మాత్రం కూర్చుంటుంది.

చిన్నమాట (1:36)

లెక్క కరెక్టే. కానీ 20 శాతం పాత రూలు. 2025 సెప్టెంబర్ 1 నుంచి హెచ్‌బీ 24 అనే కొత్త టెక్సస్ చట్టం వచ్చింది. ఇళ్ళు ఎక్కువ కట్టుకోనిచ్చే మార్పు అయితే పక్కవాళ్ళ ప్రొటెస్ట్‌కి 60 శాతం కావాలి. అది తెచ్చినా కౌన్సిల్ మొత్తం సభ్యుల్లో సగానికి పైన చాలు. ఏడుగురుంటే నలుగురు. పాత రూల్లో ఆరుగురు కావాల్సి వచ్చేది.

పాత సర్వేయరు (1:49)

అవునా. నేను మానేసి నాలుగేళ్ళయింది, నా బుర్రలో 20 శాతమే ఉండిపోయింది. అయితే చూడు బాబూ, చర్చి వాళ్ళు మీతో కలిసినా, మీ రెండు పట్టీలనీ తాకే మూడు మూలలూ మీవే అనుకున్నా 55 శాతం దగ్గర ఆగిపోతుంది. 60 మీకు అందదు.

పెరటి కరివేపాకు (1:55)

మరి ఈ చట్టం ఎవరి కోసం చేశారండీ? పక్కన ఉండేవాళ్ళ మాటకి విలువే లేదా?

ముందుతరం (2:02)

ఇల్లు దొరకనివాళ్ళ కోసం. ఊళ్ళు పెరుగుతున్నాయి, పిల్లలకి ఇల్లు అందట్లేదు. నలుగురు యజమానులు కొత్త ఇళ్ళని ఆపేసే పద్ధతి అన్యాయమని శాసనసభ అనుకుంది. స్కూళ్ళు నిండిపోతాయన్న వాదన కూడా ఇప్పుడు నిలవదు. ప్లేనో ఐఎస్‌డీ (స్కూల్ డిస్ట్రిక్ట్) పిల్లలు తగ్గిపోయి 2024లో నాలుగు బడులు మూసేయాలని నిర్ణయించింది. హియరింగ్‌లో ఆ మాట ఎత్తకండి, మీ మిగతా మాటలు కూడా తేలికైపోతాయి.

కూకట్‌పల్లి టు ప్లేనో (2:06)

స్కూల్ ముచ్చట ఒక్కో ఐఎస్‌డీల ఒక్కో తీరు. మీరు ప్లేనో చూసి అన్నిటికీ గదే అంటే ఎట్లా? ఆయన పిల్లల బడి ఆయనకు తెలుసు.

చిన్నమాట (2:08)

ఇప్పటి జోనింగ్ ఏంటో ఇంకా చెప్పలేదు. రెండోసారి అడుగుతున్నా. సిటీ జనాభా కూడా.

పెరటి కరివేపాకు (2:17)

సారీ, అది ముఖ్యమని తెలియలేదు. రోడ్డు వైపు మూడెకరాలు రిటైల్, మా వైపు ఐదెకరాల పైన అగ్రికల్చర్ అని రాసుంది. అడుగుతున్నది మొత్తం కలిపి పీడీ (ప్లాన్డ్ డెవలప్‌మెంట్, ఆ ఒక్క స్థలానికే విడిగా రాసే జోనింగ్). రోడ్డు వైపు నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్లు, మా వైపు మూడంతస్తుల టౌన్‌హోమ్స్. జనాభా రెండు లక్షల దగ్గర.

చిన్నమాట (2:26)

ఇది మొదట్లోనే చెప్పాల్సింది. మీరు వెనక అపార్ట్‌మెంట్లన్నారు, వెనక వచ్చేది టౌన్‌హోమ్స్.

ఎస్‌బీ 840 అనే టెక్సస్ చట్టం చూడండి. అదీ 2025 సెప్టెంబర్ 1 నుంచే. మూడు లక్షలు దాటిన కౌంటీలో ఉన్న లక్షా యాభై వేలు దాటిన సిటీ అయితే, ఆఫీసులకో షాపులకో గోడౌన్లకో జోన్ అయిన నేలలో అపార్ట్‌మెంట్లు కట్టుకోవచ్చు. రీజోనింగ్ అక్కర్లేదు, హియరింగ్ అక్కర్లేదు. ఎకరానికి 36 యూనిట్ల వరకూ, 45 అడుగుల ఎత్తు వరకూ సిటీ కాదనడానికి లేదు. 25 అడుగులకు మించి సెట్‌బ్యాక్ (హద్దు నుంచి వదిలే ఖాళీ) అడగకూడదు. యూనిట్‌కి ఒకటి కంటే ఎక్కువ పార్కింగ్ పెట్టమనకూడదు. భారీ పరిశ్రమలకీ విమానాశ్రయాలకీ దగ్గరగా ఉంటే మినహాయింపులున్నాయి, మీకు అవేవీ ఉన్నట్టు లేవు. అంటే ఈ దరఖాస్తు వీగిపోయినా ఆ మూడెకరాల్లో 108 యూనిట్లకి వాళ్ళు నేరుగా పర్మిట్‌కి వెళ్ళొచ్చు. మీ చేతిలో నిజంగా ఉన్నది వెనక ఐదెకరాలే.

పాత సర్వేయరు (2:44)

బాబూ, ఈయన చెప్పింది నిదానంగా మళ్ళీ చదువు. మొత్తం కేసు కొట్టించాలని వెళ్తే, రేపు రోడ్డు వైపు అపార్ట్‌మెంట్లు ఎవరినీ అడక్కుండా వస్తాయి, వెనక ఐదెకరాలకి ఇంకో ఏడాదిలో ఇంకో దరఖాస్తు వస్తుంది. పీడీ అంటే బేరం. డెవలపర్‌కి మొత్తం ఒకే ప్లాన్ కావాలి, కౌన్సిల్ ముందు గొడవ లేకుండా పోవాలి. అక్కడే మీకు పట్టు దొరుకుతుంది.

ఏం అడగాలంటే, గ్రీన్‌బెల్ట్ పక్క వరస టౌన్‌హోమ్స్‌ని రెండంతస్తులకి దించమనండి. మూడో అంతస్తు తప్పదంటే మీ వైపు బాల్కనీలు వద్దనండి, కిటికీలు ఎత్తులో పెట్టమనండి. చెత్త డబ్బాల ఆవరణ మీ కంచె వైపు రాకూడదు, పొద్దున్నే లారీ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. పార్కింగ్ దీపాలు కిందికే వెలగాలి. రాతి గోడ, దాని వెంట ఏడాది పొడవునా ఆకు ఉండే చెట్లు, నాటేనాటికే ఎంత ఎత్తుండాలో అంకెతో సహా. మీ వీధుల్లోంచి వాళ్ళకి దారి ఇస్తున్నారేమో మ్యాపులో చూసుకోండి. ఆ నీళ్ళ కుంట వర్షపు నీటిదైతే, వాళ్ళ నీళ్ళు కూడా అందులోకే వదులుతారేమో డ్రైనేజీ ప్లాన్ అడగండి. ఈ ఒక్క ప్రశ్న ఎవరూ వెయ్యరు, కుంట పొంగాక మొత్తుకుంటారు.

ఇవన్నీ పీడీ ఆర్డినెన్స్‌లో, దానికి జతచేసే సైట్ ప్లాన్‌లో రాసి ఉండాలి. డెవలపర్ ప్రతినిధి నీ చెయ్యి పట్టుకుని "తప్పకుండా చేస్తాం సార్" అంటే లెక్కకాదు. ఒకసారి బిల్డర్ నోటిమాట మీద ప్రీమియం కట్టావు కదా.

చిన్నమాట (2:49)

కమిషన్ సిఫారసు మాత్రమే చేస్తుంది. కమిషన్ వద్దంటే కౌన్సిల్‌లో నాలుగింట మూడొంతులు కావాలన్న నియమం మీ సిటీ ఆర్డినెన్స్‌లో ఉందేమో ప్లానర్‌ని అడగండి. సిటీ సిబ్బంది ఈ కేసు మీద రాసిన స్టాఫ్ రిపోర్ట్ కూడా అడిగి తీసుకోండి.

కూకట్‌పల్లి టు ప్లేనో (7:12)

పొద్దుగాల లేచి అంత చదివిన. అన్నా, 140 సంతకాలు పారెయ్యకు. లెక్కల రాకపోయినా కౌన్సిల్ మెంబర్లకు అవి ఓట్లే. వాటిని వాళ్ళ ఈమెయిల్‌కు పంపు. మంగళవారం నలుగురైదుగురు పొయ్యి తలా ఒక్క షరతు మాట్లాడుండ్రి. అందరూ ట్రాఫిక్ ట్రాఫిక్ అంటే మూడో మనిషికే వాళ్ళు వినుడు బంద్ చేస్తరు.

ముందుతరం (8:30)

రెండంతస్తుల టౌన్‌హోమ్స్ అడగడం సబబే. నా మాట ఎవరినైనా నొప్పించి ఉంటే మన్నించండి. అయితే "అపార్ట్‌మెంట్" అన్న పదం గురించి ఇంకా చెప్పాల్సింది ఉంది, వేరే చర్చగా పెడతాను.

పెరటి కరివేపాకు (12:20)

హెచ్‌ఓఏ ప్రెసిడెంట్ ఫోన్ ఎత్తారు, సాయంత్రం బోర్డు కూర్చుంటోంది. డ్రైనేజీ ప్లాన్ అడుగుతూ ప్లానర్‌కి మెయిల్ పెట్టాను. థాంక్స్ అండీ, అంకుల్‌కి మరీను. మళ్ళీ రాస్తాను.

కొత్తగా చేరాను (మరుసటి వారం, సాయంత్రం 6:05)

మాది జార్జియా, ఫోర్సైత్ కౌంటీ. మాకూ వెనకాల రీజోనింగ్ బోర్డు పాతారు. ఈ 200 అడుగుల రూలు మాకూ ఉంటుందా? మంగళవారం హియరింగ్‌లో ఏమైందో కూడా ఎవరైనా చెప్తారా?