అప్‌డేట్: పర్లాకిమిడిలో మా తెలుగు కూడిక ఆపలేదు

అందరికీ వందనాలు. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంట్లో ఆదివారం సాయంత్రం జరిగే తెలుగు ప్రార్థన కూడికకు నలుగురే వస్తున్నారు, ఆపేయమంటారా అని మార్చిలో ఇక్కడ అడిగాను. ఆపలేదు.

"మీకు విశ్వాసం తక్కువ" అన్న జవాబులు నాకేమీ ఉపయోగపడలేదు. పనికొచ్చింది నెల్లూరు సంగతి రాసిన పెద్దాయన మాట. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో అక్కడ సువార్త పని మొదలుపెట్టారు. ఏళ్లు గడిచినా చేరినవారు కొద్దిమందే. 1853లో అమెరికాలోని మిషను పెద్దలు దాన్ని మూసేద్దామా అని చర్చించారు. అక్కడ పనిచేస్తున్న మిషనరీలు జూయెట్ దంపతులు మాత్రం కదల్లేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ప్రార్థన చేశారు. 1878 జూలై 3న, వాళ్ల తర్వాత వచ్చిన మిషనరీ జాన్ క్లౌ కాలంలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. (అవి కరవు రోజులు కూడా, సాయం కోసం వచ్చినవారూ ఉండొచ్చు, ఆ సంఖ్యను అంత సూటిగా చూడకూడదని మా ఆయన అంటారు. అదీ నిజమే.)

నా మనసులో నిలిచింది ఆ సంఖ్య కాదు, మధ్యలోని 38 ఏళ్లు.

ఇప్పుడు ఆరుగురం. పాతపట్నం నుంచి ఒక కుటుంబం వస్తోంది, వాన పడితే రారు. తెలుగు చదవడం రాని మా వీధి పిల్లలకు కీర్తనలు ఒడియా లిపిలో రాసిస్తున్నాను. వాళ్లు నా ఒత్తులు చూసి నవ్వుతారు.

పోయిన ఆదివారం మాత్రం ఒక పెద్దమ్మే వచ్చారు. ఇద్దరమే పాడుకున్నాం, టీ ఇచ్చి వీధి చివరిదాకా దిగబెట్టి వచ్చాను.