హైదరాబాద్‌లో చిలకీలెస్ ఇంట్లో కుదురుతుందా? మీకిష్టమైన మెక్సికన్ టిఫిన్ ఏది?

నిజాంపేట్_నివాసి:

ఆఫీసు పని మీద కొన్నాళ్లు మెక్సికోలో గ్వాదలహారా అనే ఊళ్లో ఉండొచ్చాను. పొద్దున్నే మేమున్న వీధి చివర చిన్న హోటల్లో చిలకీలెస్ తినేవాణ్ని. వేయించిన మక్క రొట్టె ముక్కల్ని వేడి వేడి ఎర్ర సాల్సాలో తిప్పి ప్లేటులో వేసి, పైన మీగడ, పొడిపొడిగా చిదిమిన తెల్ల చీజ్, ఉల్లి చక్రాలు, ఒక గుడ్డు, పక్కన ముద్దగా మెదిపిన బీన్స్. ఇక్కడికొచ్చాక నాలుక దానికోసమే పీకుతోంది. ఆ మధ్య గచ్చిబౌలి వైపు ఒక కేఫ్ మెనూలో పేరు కనబడితే ఆశపడి చెప్పాను. ప్యాకెట్ నాచోస్ మీద టమాటా సాసూ, పసుపు చీజూ పోసి, స్వీట్ కార్న్ చల్లి ఇచ్చారు. బిల్లు మాత్రం ఘనంగానే ఉంది.

ఇంట్లో చేద్దామంటే మక్కజొన్న పిండితో రొట్టె ఒత్తగానే విరిగిపోతోంది. ఇక్కడ దొరికే సరుకుతో అయ్యే పనేనా ఇది? మీకు నచ్చిన వేరే మెక్సికన్ టిఫిన్లు ఉంటే అవీ చెప్పండి. ఆదివారం ఇంట్లో అందరికీ పెట్టాలి. అమ్మ గుడ్డు తినదు.

మల్కాజిగిరి_అక్క:

విరగక ఏం చేస్తది తమ్మీ? షాపులో దొరికేది ఎండు మక్కలు మరపట్టిన పిండి. మెక్సికోలో రొట్టెకి ఆ పిండి వాడరు. మక్కల్ని సున్నపు నీళ్లలో ఉడకబెట్టి, రాత్రంతా అందులోనే వదిలేసి, పొద్దున కడిగి, తడి మీదనే రుబ్బుతారు. అట్లా ఉడికిన మక్కల్ని నిష్తమాల్ అంటారు. సున్నం తగిలితే గింజ మీద తొక్క ఊడొస్తది, పిండికి బంక వస్తది. నువ్వు అక్కడ తిన్న రొట్టెలో ఒక వాసన ఉంటది చూడు, అది ఈ సున్నానిదే.

వాసన కోసమే అనుకోకు. మక్కల్లో ఉన్న నియాసిన్ విటమిన్ అట్లా ఉడికితేనే ఒంటికి పడుతుంది. యూరప్ వాళ్లు మక్కలు పట్టుకపోయారు గాని సున్నం సంగతి పట్టించుకోలేదు. దాంతో మక్కలే తిని బతికిన పేదలకి పెలాగ్రా, అంటే నియాసిన్ చాలక వచ్చే రోగం, పట్టుకుంది. మన తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, అక్కడ సి. గోపాలన్ గారి బృందం 1960ల్లో ఇదే రోగం మీద పనిచేసింది, కాకపోతే జొన్నలు తినేవాళ్లలో. సరే, ముచ్చట ఎటో పోతోంది.

అర కిలో ఎండు మక్కలు తీసుకో. పాప్‌కార్న్ గింజలు వద్దు, స్వీట్ కార్న్ అసలే వద్దు. లీటరున్నర నీళ్లలో పాన్ డబ్బాలో అమ్మే తినే సున్నం ఒక టీస్పూను నిండుగా కలుపు. గోడలకేసే సున్నం జోలికి పోకు. గిన్నె స్టీలుదే ఉండాలి, అల్యూమినియం సున్నానికి తట్టుకోదు. సన్నటి మంట మీద అరగంట, ముప్పావుగంట ఉడికించి, ఒక గింజ తీసి వేళ్ల మధ్య నలుపు. తొక్క జారిపోయి, కొరికితే నడుమ ఇంకా కొంచెం గట్టిగా తగిలితే పొయ్యి ఆపేయాలి. పూర్తిగా మెత్తబడిందాకా ఉంచితే రొట్టె రాదు, గటక వస్తది. తెల్లారి నీళ్లు పసుపుపచ్చగా చిక్కబడి ఉంటాయి. అవి పారబోసి, గింజల్ని చేతులతో నలుపుతూ తొక్కలు పోయేదాకా కడుగు.

తడి గింజలు గిర్నీవాడు తీసుకోడు, బతిమాలినా తీసుకోడు. ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండర్లో కొన్ని కొన్ని వేసి, నీళ్లు చిలకరిస్తూ గట్టిగా రుబ్బు. ఉండ చేసి నొక్కితే అంచులు పగలకూడదు. పగిలితే తడిచెయ్యి చేసి మళ్లీ పిసుకు. పూరీ ప్రెస్‌లో పాల ప్యాకెట్ కవర్ కత్తిరించి కిందొకటి, పైనొకటి పెట్టి ఒత్తితే సుఖంగా వస్తది. ఇనుప పెనం బాగా కాలాక రొట్టె వేసి, ముందు కొద్దిసేపు ఒకవైపు, తర్వాత రెండోవైపు నిమిషం కాల్చి, మళ్లీ తిప్పు. పొంగిందంటే నీ పిండి బాగున్నట్టే.

చిలకీలెస్‌కి ఆరోజు రొట్టెలు పనికిరావు. శనివారం చేసుకుని, ఆదివారం ఆ సద్ది రొట్టెల్ని త్రికోణాలుగా కోసి నూనెలో వేయించాలి. అసలు ఆ వంటకం మిగిలిన రొట్టెలు పారేయకుండా పుట్టిందే.

ఇక సాల్సా. అక్కడ వాడేది గ్వాహీయో మిరపకాయ, రంగు ఎక్కువ, కారం తక్కువ. దాని బదులు గుంటూరు మిర్చి వేశావంటే ఇంట్లో ఎవ్వరూ రెండో ముద్ద ముట్టరు. వరంగల్ చపాటా మిర్చి తెచ్చుకో, అదే టమాటాలాగా పొట్టిగా, లావుగా ఉండేది. 2025లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది దానికి. దొరక్కపోతే బ్యాడిగి మిర్చి. బేగంబజార్‌లో అడిగితే దొరుకుతయి. గింజలు దులిపి, పెనం మీద వేడిచేసి, రంగు మారకముందే తీసేసి, వేడినీళ్లలో నానబెట్టు. టమాటాలు, ఉల్లిగడ్డ, ఎల్లిపాయ మాత్రం నల్ల మచ్చలు పడేదాకా కాల్చి, అన్నీ కలిపి రుబ్బి వడకట్టు.

ఇక్కడ చాలామంది ఆ రుబ్బినదాన్ని అట్లనే రొట్టె మీద పోసేస్తారు. మూకుడులో నూనె కాగాక సాల్సా ఒక్కసారిగా పోయాలి. చుయ్‌మని లేవాలి, పొయ్యి చుట్టూ చిట్లాలి. పచ్చి ఎరుపు పోయి ఇటుక రంగుకి తిరిగి, అంచుల్లో నూనె తేలాక ఉప్పు, కాసిన్ని నీళ్లు పోయి. అప్పుడు రొట్టె ముక్కలు వేసి రెండు సార్లు తిప్పి దించెయ్. అందరూ కూర్చున్నాకే ఈ పని మొదలుపెట్టు. పది నిమిషాలు ఆగితే ముద్దైపోతది.

అమ్మగారికి ఎన్‌ఫ్రిహోలాదాస్ చేసిపెట్టు, గుడ్డు పనే లేదు. రాజ్మా మెత్తగా ఉడికించి, ఉల్లి, ఎల్లిపాయతో రుబ్బి, నూనెలో వేసి పల్చటి పులుసులా కాచి, రొట్టె అందులో ముంచి మడతపెట్టి పైన మీగడ వేయడమే. అక్కడ పంది కొవ్వులో చేస్తారు, మనకి నూనె చాలు.

నన్నడిగితే ఇవన్నీ తమాల్ తర్వాతే. మా ఆయన ఉద్యోగం మీద మెక్సికో సిటీలో నార్వార్తే అనే పేటలో ఉన్నప్పుడు, పొద్దున మెట్రో మెట్ల దగ్గర పెద్ద స్టీలు డబ్బా ముందు లైను ఉండేది. మూత తీస్తే ఆవిరి. మక్క పిండి ముద్దని మక్క పొత్తు ఆకులో చుట్టి ఉడికించిన తమాల్‌ని తీసి, కోసిన బ్రెడ్డులో పెట్టిస్తారు, దాన్ని గ్వాహలోతా అంటారు. పక్కన వేడి అతోలే, అంటే పాలల్లోనో నీళ్లల్లోనో కాచిన మక్క జావ. పిండిలో పిండి పెట్టుకుని తినుడేందని మా ఆయన వెక్కిరించేవాడు. తర్వాత ఆఫీసుకి పోతూ రోజూ ఒకటి కొనుక్కునేది ఆయనే.

బోటి_భాయ్:

అక్కా, ఇంత చెప్పి మెనూదో మాట ఎత్తకపోవడం అన్యాయం. శనాదివారాల్లో పొద్దున్నే తాగే బోటి పులుసు అది. ముందురోజు రాత్రి మందు ఎక్కువైన వాళ్లకి అదే మందు. ఉత్తరాన దాంట్లో మీరు చెప్పిన సున్నపు మక్కలే గింజలుగా వేస్తారు. పైన పచ్చి ఉల్లి ముక్కలు, ఎండు ఓరెగానో, నిమ్మకాయ. తెలంగాణలో బోటి తినని ఇల్లు తక్కువ, అయినా ఇక్కడ మెక్సికన్ అనగానే క్యాప్సికమ్, చీజ్ అంటారు. మేకబోటితో చేసి చూశాను, బాగుంది. కానీ పశువు బోటికి ఉండే మందం రాదు. సున్నం నీళ్లతో బాగా కడగాలి, అది మీకు కొత్తగా చెప్పేదేముంది.

పీజీలో_పస్తులు:

గ్రైండర్ లేదు, పూరీ ప్రెస్ లేదు, ఇండక్షన్ స్టవ్ ఒక్కటే ఉంది. నాలాంటివాళ్లు తినడానికేమన్నా ఉందా ఇందులో?

మల్కాజిగిరి_అక్క:

మొయేతెస్ చేసుకో తమ్మీ. అక్కడ బొలీయో అనే గట్టి తొక్క బ్రెడ్డుతో చేస్తారు. నువ్వు పావ్ తీసుకుని నిలువునా చీల్చి పెనం మీద కరకరలాడేట్టు కాల్చు. మెదిపిన రాజ్మా పూసి, చీజ్ తురిమి, మూతపెట్టి కరిగించు. పైన సన్నగా తరిగిన టమాటా, ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసం. రాజ్మా మాత్రం రాత్రే నానబెట్టి, పూర్తిగా ఉడికించాలి. సగం ఉడికినవి తింటే కడుపు పట్టుకుని కూర్చుంటావు.

నిజాంపేట్_నివాసి:

అక్కా, దండం పెట్టాలి మీకు. రెండు అనుమానాలు. ఆకుపచ్చ సాల్సాకి వాడే తొమతీయో, అదే పచ్చి టమాటాలాంటి పుల్లటి కాయ, ఇక్కడ దొరకదు కదా, బదులేంటి? మీగడకీ, ఆ చీజ్‌కీ ఏం వాడారు?

మల్కాజిగిరి_అక్క:

తొమతీయో రస్‌భరికి చుట్టమే గాని రస్‌భరి తీపి, పనికిరాదు. కూరగాయల మార్కెట్‌లో పూర్తి పచ్చి నాటు టమాటాలు ఏరుకో, పచ్చిమిర్చితో ఉడికించి రుబ్బి, చివర్లో నిమ్మరసం పిండు. నూటికి ఎనభై వంతులు దగ్గరకొస్తది. మీగడకి పాల మీద తరకలో వడకట్టిన పెరుగు గిలక్కొట్టు, ఉప్పు వెయ్. చీజ్‌కి ఇంట్లో విరగ్గొట్టిన పనీరే, కాకపోతే నీళ్లు పిండాక ఉప్పు ఎక్కువగా కలిపి, ముద్ద కట్టకుండా వేళ్లతో చిదిమి ఫ్రిజ్‌లో పెట్టు. షాపు పనీరు రబ్బరులా సాగుతది, తేవద్దు. శుక్రవారమే సున్నం తెచ్చుకో, పాన్ డబ్బావాడు ఊరికే అడిగితే చిటికెడే ఇస్తాడు, ట్యూబ్ కొనుక్కో.