అప్‌డేట్: పైలట్ ఏస్ ఫోటోల్లో అడ్డ చారలు పోయాయి

లండన్ సైన్స్ మ్యూజియంలో మా మేనల్లుడు తీసిన పైలట్ ఏస్ (గణిత శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ డిజైన్ ఆధారంగా కట్టిన, 1950 నాటి కంప్యూటర్) ఫోటోల్లో అడ్డంగా నల్ల చారలు వస్తున్నాయని అడిగాను కదా, కారణం తేలింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

వాడు సెలవులకి విజయవాడ వచ్చినప్పుడు గవర్నర్‌పేటలో కెమెరా రిపేర్ చేసే ఆయనకి చూపించాం. సెన్సార్ (కెమెరాలో వెలుగుని పట్టే భాగం) బాగానే ఉంది, సైలెంట్ షట్టర్ (చప్పుడు రాకుండా సెన్సార్‌తోనే ఫోటో తీసే పద్ధతి) వల్లే అన్నారు. లండన్‌లో కూడా మనలాగే 50 హెర్ట్జ్ కరెంటు, దానికి కొన్ని లైట్లు కంటికి తెలియకుండా సెకనుకి 100 సార్లు మిణుకుమంటాయి, సైలెంట్ షట్టర్ ఫోటోని వరుస తర్వాత వరుసగా చదువుతుంది కాబట్టి ఆ మిణుకే చారలుగా పడుతుంది.

ఇక్కడ ఒకరు చెప్పినట్టే మెకానికల్ షట్టర్ (కదిలే తెరలతో పనిచేసేది), 1/50 స్పీడు (సెకనులో 50వ వంతు, అంటే రెండు మిణుకులు పూర్తిగా పట్టేంత సేపు) పెట్టి మళ్ళీ తీశాడు. ఒక్క చార లేదు! వాల్వుల (పాత కంప్యూటర్లలో వాడిన గాజు ట్యూబుల) వరుసలు స్పష్టంగా కనిపిస్తుంటే ఎంత సంతోషమేసిందో. లెన్స్ తుడవడం, మెమరీ కార్డు మార్చడం, పోలరైజర్ ఫిల్టర్, ఇవేవీ అవసరం పడలేదు.