ఐర్లాండ్ ఆఖరి హై కింగ్ రువారీయేనా?

ప్రశ్న: 1175లో ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీతో కుదిరిన విండ్సర్ ఒప్పందం తర్వాతా రువారీ ఓ కానర్ రాజుగానే ఉన్నాడు కదా. మరి హై కింగ్‌ల (ఐర్లాండ్ రాజులందరికీ పైనుండే పెద్దరాజుల) కథ అక్కడితో ముగిసిందని ఎందుకంటారు?

జవాబు: పేరుకే రాజండీ. డబ్లిన్, మీత్, లెన్‌స్టర్, వాటర్‌ఫర్డ్ అతని చేయి దాటిపోయాయి. పైగా హెన్రీకి కప్పం: కోసిన ప్రతి 10 పశువులకు ఒక తోలు, అదీ వర్తకులు మెచ్చేదై ఉండాలి!

జవాబు: అసలు దెబ్బ 1171లోనే పడింది. ఇంగ్లండ్ వైపు నుంచి వచ్చిన నార్మన్ల చేతిలో ఉన్న డబ్లిన్‌ను రువారీ వారాల తరబడి ముట్టడించి ఏమరుపాటుగా ఉన్నాడు. నార్మన్లు హఠాత్తుగా బయటికొచ్చి అతని శిబిరం మీద పడ్డారు. అప్పుడు రువారీ లిఫీ నదిలో స్నానం చేస్తున్నాడట.

జవాబు: ‘ఆఖరి’ అనడంలోనూ పేచీ ఉంది. 1258లో బ్రయన్ ఓ నీల్‌ను కొందరు ఐరిష్ రాజులు హై కింగ్‌గా ఒప్పుకున్నారు. 1260లో డౌన్ దగ్గర యుద్ధంలో పోయాడు.