ఫిలిప్ గ్లాస్ లెక్క మన తాళం లెక్కేనా?

ముక్తాయింపు:
అమెరికా స్వరకర్త ఫిలిప్ గ్లాస్ మీద ఏ వ్యాసం చదివినా ఒకటే పాట. భారతీయ తాళపద్ధతి పట్టుకుని అమెరికా శాస్త్రీయ సంగీతాన్ని మార్చేశాడట. మొదటి సగంతోనే నా పేచీ. 1968లో రాసిన ‘టూ పేజెస్’ తీసుకోండి. ఉన్నవి ఐదే స్వరాలు. ‘సి’ని షడ్జం అనుకుంటే మంద్ర పంచమం, స, రి2, గ2, మ1. ముందు ఆ ఐదూ మళ్లీ మళ్లీ వాయిస్తారు. తర్వాత 5+4, ఆపైన 5+4+3, ఆపైన 5+4+3+2. జతుల్లో, అంటే మృదంగం వాళ్లు నోటితో చెప్పే లయ అక్షరాల్లో, చెప్పాలంటే తదిగిణతోం, తకదిమి, తకిట, తక. మొత్తం 14. ఇది గోపుచ్ఛ యతి అని మనవాళ్లే మురిసిపోతుంటారు. తాళమే లేనిచోట యతి ఎక్కణ్ణుంచి వచ్చింది?

శ్రోత_77:
గోపుచ్ఛం అంటే?

ముక్తాయింపు:
ఆవుతోక. మొదట లావు, పోనుపోను సన్నం. యతి అంటే గుంపుల పొడవులు సాగే తీరు.

నల్లమెట్లు:
తాళం తెచ్చాడని ఎవరన్నారండీ? తెచ్చింది కూర్చే పద్ధతి. 1965-66లో పారిస్‌లో సంగీత గురువు నాడియా బౌలాంజే దగ్గర చదువుతూ ‘చప్పాక్వా’ సినిమాకి పనిచేశాడు. సంగీతం రవిశంకర్‌ది, తబలా అల్లా రఖా. రవిశంకర్ చెప్పింది అక్కడి వాద్యకారుల కోసం పాశ్చాత్య లిపిలో రాయడం గ్లాస్ పని. గీతలు కొట్టి గళ్లు విడదీసి రాస్తే, గీత పక్కనున్న స్వరం మీద వాళ్లు ఊనిక వేసేవాళ్లు. అలా కాదు, స్వరాలన్నీ సమానమే అని అల్లా రఖా పట్టుబట్టాడు. చివరికి గ్లాస్ గీతలన్నీ చెరిపేశాడు. అప్పుడు కాగితం మీద మిగిలింది రెండేసి, మూడేసి మాత్రల గుంపుల వరస. ఆయన పద్ధతంతా ఆ వరసలోంచి పుట్టిందే.

ముక్తాయింపు:
గీతలు చెరిపితే తాళం రాదు. తాళం ఆ గీతకన్నా గట్టిది. ఆ 14నే మన దగ్గర ఎలా వాడతామో చూడండి. ఆదితాళానికి ఎనిమిది లెక్కలు, చతురశ్ర గతిలో లెక్కకి నాలుగు మాత్రలు, ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టుకి, 32 మాత్రలు. లఘువు, అంటే మొదటి నాలుగు లెక్కలు, వదిలేసి ఆ తర్వాతి మొదటి ద్రుతం మీద ఎత్తుకోవాలి. 14, మూడు మాత్రల విరామం, 14, మళ్లీ మూడు, 14. మొత్తం 48. అక్కణ్ణుంచి రెండో ఆవర్తనం చివరిదాకా ఉన్నవీ సరిగ్గా 48. సమం మీద, అంటే చుట్టు మొదలయ్యే చోట, పడతాం. విరామం మూడు బదులు రెండు పెట్టారా, రెండు మాత్రలు ముందే తేలిపోతారు, సభలో అందరికీ తెలిసిపోతుంది. గ్లాస్ దగ్గర తప్పడానికైనా చోటేదీ?

గోదారిగట్టు:
రెండు పేజీల సంగీతానికి ఎన్ని పేజీల తగవో.

నల్లమెట్లు:
తప్పడానికి చోటు లేకపోవడమా? ఒకసారి వాయించి చూడండి. విరామం ఒక్కటీ ఉండదు, అంతా ఏకస్వనం. దారి తప్పితే అందుకోవడానికి సమం లేదు. పట్టు దొరికేది ఆ మంద్ర పంచమం దగ్గరే, ఎందుకంటే ఈ 5, 4, 3, 2 గుంపులన్నీ దానితోనే మొదలవుతాయి. అలాగని దాన్ని నొక్కి వాయిస్తే 5, 4, 3, 2 అని పలక మీద రాసి చూపించినట్టు ఉంటుంది, పని చెడుతుంది. జతులు అలవాటైనవాళ్లు చేసే మొదటి తప్పు ఇదే, ‘త’ మీద బరువు వేయడం. ఒక గుంపులోంచి ఇంకో గుంపుకి ఎప్పుడు మారాలో గ్లాస్ కీబోర్డు దగ్గర తల ఊపి చెప్పేవాడు. ఆ సైగ చూడనివాడు పాత గుంపులోనే ఉండిపోతాడు. శాక్సఫోన్ వాళ్లకి ఊపిరి తీసుకునే సందు కూడా ఉండదు.

డల్లాస్_తంబూర:
నిజంగా మన సంగీతం నేర్చుకున్న అమెరికా స్వరకర్త టెర్రీ రైలీ. 1970 నుంచి కిరానా ఘరానా హిందుస్తానీ గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్ శిష్యుడు. గ్లాస్‌ది పైపై పరిచయం.

నల్లమెట్లు:
పైపై కాదు, అల్లా రఖా దగ్గర తబలా పాఠాలు కూడా తీసుకున్నాడు. రైలీ ‘ఇన్ సి’ 1964 నాటిది. అందులోని 53 ముక్కలూ ప్రాణ్‌నాథ్ పరిచయానికి ముందే పుట్టాయి. ఆ లెక్కన ఆయనకి పేరు తెచ్చిన పనికి మన సంగీతం కారణమే కాదు.

ముక్తాయింపు:
రైలీని పక్కన పెట్టండి. 1968లోనే గ్లాస్ ‘1+1’ ఉంది. బల్లకి మైకు తగిలించి వేళ్లతో, మెటికలతో కొట్టడం. ఉన్నవి రెండే తునకలు. ఒకటి ‘తకతా’, నాలుగు మాత్రలు. రెండోది ఉత్త ‘తా’, రెండు మాత్రలు. మొదటిదానికి రెండోది ఒకసారి కలిపితే 6, రెండుసార్లు కలిపితే 8, మూడుసార్లు కలిపితే 10. ఇది ఎక్కాల పుస్తకం. మృదంగం పాఠం మొదటి నెలలో పిల్లలు చేసేది ఇంతకన్నా కష్టం.

నల్లమెట్లు:
కష్టమే కొలబద్ద అయితే సర్కసు కూడా సంగీతమే. మీరు విన్నారా, కాగితం మీద లెక్కపెట్టారా?

ముక్తాయింపు:
విన్నాను, చివరిదాకా. ఇప్పుడు సూటిగా చెప్తాను. కచేరీలో తని ఆవర్తనం, అంటే తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం, మొదలవగానే సగం మంది కాంటీను వైపు లేచిపోతారు. మృదంగం, ఘటం, కంజీర కలిసి చేసే లెక్కకి మర్యాద అది. అందులో పాతిక వంతు లెక్క న్యూయార్క్‌లో చేస్తే చరిత్ర అయింది. దానికి ‘భారతీయ’ అని పేరు పెట్టి మళ్లీ మనకే చూపించి, మనల్ని గర్వపడమంటున్నారు. నా మంట అది.

గోదారిగట్టు:
ఈ మాట మొదటి పోస్టులోనే చెప్తే అందరం భోంచేసేవాళ్లం.

నల్లమెట్లు:
మంట న్యాయమైనదే, కానీ తగలాల్సింది కాంటీనుకి, గ్లాస్‌కి కాదు. అమెరికాలో ఆయన పేరు లెక్క కష్టం వల్ల రాలేదు. అప్పట్లో అక్కడి యూనివర్సిటీల్లో పన్నెండు స్వరాల క్రమపద్ధతిదే రాజ్యం. 1967లో న్యూయార్క్ తిరిగొచ్చి తోటి స్వరకర్త స్టీవ్ రైక్ ‘పియానో ఫేజ్’ విన్నాక తన రాతని ఇంకా కోసేసుకున్నాడు. సొంత బృందం పెట్టుకుని ఎలక్ట్రిక్ ఆర్గన్‌లు, శాక్సఫోన్‌లు మైకుల్లో పెట్టి గ్యాలరీల్లో, పాత గోదాముల్లో వాయించాడు. 1976లో ఆయన ఒపేరా ‘ఐన్‌స్టీన్ ఆన్ ది బీచ్’ మెట్రోపాలిటన్ ఒపేరాలో హాలు నిండా ఆడింది. మిగిలింది అప్పు. మళ్లీ టాక్సీ ఎక్కాడు, 41 ఏళ్లొచ్చేదాకా తోలాడు. సంస్థల కోసం ఆగకుండా సొంత బృందంతో బతకొచ్చన్న దారి వెనకవాళ్లకి దొరికింది అలాగే. గమ్యం లేకపోవడం మీకు లోపం. ఆ శ్రోతలకి అదే కొత్త.

డల్లాస్_తంబూర:
మరి గాంధీ మీద గ్లాస్ ఒపేరా ‘సత్యాగ్రహ’? 1980, రాటర్‌డామ్. మొత్తం గీతా శ్లోకాలే, సంస్కృతంలోనే పాడతారు. అది కూడా మనది కాదా?

నల్లమెట్లు:
అందులో ఇత్తడి వాద్యాలు లేవు, డోళ్లు లేవు. తంత్రులు, పిల్లనగ్రోవి జాతి, ఆర్గన్, అంతే. చివర గాంధీ పాత్ర ‘బహూని మే వ్యతీతాని’ నుంచి నాలుగో అధ్యాయం శ్లోకాలు పాడుతుంది. ‘ఇ’ నుంచి ‘ఇ’ దాకా ఒకే ఆరోహణ, 30 సార్లు. స రి1 గ2 మ1 ప ద1 ని2 స. ఆ స్వరాల వరస మనకి హనుమతోడి మేళం.

ముక్తాయింపు:
లెక్క సంగతి వదిలేస్తా. కానీ గమకం లేనిదాన్ని తోడి రాగం అంటే మాత్రం ఊరుకోను. గాంధారం ఊగకుండా తోడి ఏమిటండీ?

నల్లమెట్లు:
తోడి అనలేదు. మేళం అన్నాను. పైకెళ్లి మళ్లీ చదవండి.

ముక్తాయింపు:
చదివాను. ‘హనుమతోడి’ అనే ఉంది.