ఊపిరితిత్తుల్లో ఫంగస్: డాక్టర్ అడగలేదా, మనం చెప్పలేదా?

గోదారిగట్టు: మా తమ్ముడికి మూడు నెలలు దగ్గు, జ్వరం. ఎక్స్‌రే చూసి టీబీ అన్నారు. తెమడ పరీక్షలో ఏమీ రాకపోయినా మందులు మొదలెట్టారు. తగ్గక ఇంకో ఆసుపత్రికి వెళ్తే ఎకోలో (గుండె స్కాన్) గుండె కుడివైపు వాల్వ్ మీద గడ్డ కనిపించింది, బ్లడ్ కల్చర్‌లో కాండిడా అనే ఫంగస్ వచ్చింది. ఆ గడ్డ ముక్కలే ఊడి ఊపిరితిత్తుల్లో పడుతున్నాయట. వాడు హెరాయిన్ సూదితో ఎక్కించుకునేవాడు. మొదటి డాక్టర్ ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. తప్పెవరిది?

ల్యాబ్ శీను: ఇది అరుదండీ. సూదితో మత్తు తీసుకునేవాళ్ళలో వాల్వ్‌కి పట్టేది ఎక్కువగా స్టాఫ్ బ్యాక్టీరియా. కాండిడా అంటే నిమ్మరసం మీద అనుమానం. బ్రౌన్ హెరాయిన్ నీళ్ళలో కరగదు, పులుపు కావాలి. 1980ల్లో యూరప్‌లో ఇలాగే నిమ్మరసం వల్ల కళ్ళకీ చర్మానికీ కాండిడా పట్టిన కేసులు వచ్చాయి. బ్రిటన్‌లో 2003లో రూల్స్ మార్చి, వాడేవాళ్ళకి నిమ్మరసం బదులు సిట్రిక్ యాసిడ్ పొట్లాలు ఇవ్వనిచ్చారు.

ఉప్పుకారం: నిమ్మకాయతో ఫంగసా? మా ఇంట్లో వారానికి మూడుసార్లు పులిహోర.

ల్యాబ్ శీను: తినడం వేరు, నరంలోకి ఎక్కించడం వేరు. నరంలో వేసింది గుండె కుడివైపు నుంచి నేరుగా ఊపిరితిత్తులకే పోతుంది.

ఉప్పుకారం: అంత పులుపులో ఏదీ బతకదు.

ల్యాబ్ శీను: ఊరగాయ మీద బూజు చూళ్ళేదా?

పద్మజ_నర్స్: నిమ్మకాయ ఆపండి. బాబూ, మన దగ్గర ఊపిరితిత్తుల్లో గుల్లలు కనిపిస్తే ఎవరైనా ముందు టీబీ అనుకుంటారు. పక్కనే కూర్చుని నువ్వు చెప్పావా?

గోదారిగట్టు: అడిగితే కదా చెప్పేది!

పద్మజ_నర్స్: మోచేతి మచ్చలు కనపడకుండా పొడుగు చేతుల చొక్కా వేయించి తీసుకెళ్ళుంటావు. ముప్పై ఏళ్ళలో అలాంటి చొక్కాలు ఎన్ని చూశానో.

గోదారిగట్టు: అవును, మే నెలలో. గుండీలు నేనే పెట్టాను. చెల్లికి సంబంధం చూస్తున్నాం. పైగా పోలీసు భయం.

ల్యాబ్ శీను: చికిత్సకి తనంతట తాను వస్తే, వాడకం కేసులో ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టం 64ఏ సెక్షన్ కింద రక్షణ ఉంది.

గోదారిగట్టు: చట్టం సరే శీను గారూ. రెండోచోట నిజం చెప్పాం. ఆ రోజు నుంచి సెలైన్ అయిపోయినా మేమే కేకెయ్యాలి. దానికే సెక్షన్?

పద్మజ_నర్స్: మేమూ అలాగే చేసేవాళ్ళం. మంచం మార్చి మూలకి వేసేవాళ్ళం. ఇప్పుడెలా ఉన్నాడు?

గోదారిగట్టు: యాంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు ఎక్కుతోంది, ఒళ్ళంతా వణుకు. వాల్వ్‌కి ఆపరేషన్ కావాలట. మళ్ళీ సూది పట్టడని ఇంట్లోవాళ్ళు రాసిస్తేనే చేస్తానంటున్నాడు సర్జన్. వాడి తరఫున నేనేం రాసివ్వను?

ల్యాబ్ శీను: షుగర్ పేషెంటుని మళ్ళీ స్వీటు తిననని రాసిమ్మంటారా?

పద్మజ_నర్స్: అదీ ఇదీ ఒకటి కాదు శీనూ. కొత్త వాల్వ్‌కి మళ్ళీ పడితే రెండో ఆపరేషన్ ఎంత కష్టమో తెలుసా నీకు?

ఉప్పుకారం: ఊరగాయ బూజు వేరు, కాండిడా వేరు. ఒప్పుకోండి.