లాయర్‌కి 4.9 స్టార్లు ఉంటే నమ్మి వెళ్లొచ్చా? పెందుర్తి స్థలం గొడవ

పెందుర్తి అబ్బాయి:
అందరికీ నమస్కారం. పెందుర్తిలో అమ్మ పేరు మీదున్న 200 గజాల స్థలంలోకి పక్కవాళ్లు మూడడుగులు జరిగి గోడ లేపుతున్నారు. పెద్దమనుషులతో చెప్పించినా వినలేదు. మా ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ కోర్టు మెట్లెక్కలేదు. ఆన్‌లైన్‌లో వెతికితే ఒకాయనకి 4.9, ఇంకొకాయనకి 3.2 ఉంది, 4.9 ఆయన దగ్గరికే వెళ్దామంటోంది అమ్మ. అలా పెట్టుకున్నవాళ్లుంటే చెప్పండి, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

గాజువాక అన్న:
నేను అలాగే వెళ్లాను తమ్ముడూ. ఫీజు సగం ముందే తీసుకుని వకాలత్ (మా తరఫున వాదించమని ఇచ్చే కాగితం) మీద సంతకం పెట్టించుకున్నారు, ఆ తర్వాత ఆయన్ని కోర్టులో చూసింది రెండేసార్లు. ప్రతి వాయిదాకీ జూనియర్ వచ్చి టైం అడగడమే, ఒకరోజు ఫైల్లో మా లింకు దస్తావేజే (స్థలం అంతకుముందు ఎవరి చేతులు మారిందో చూపే పాత దస్తావేజు) లేదని జడ్జిగారి ముందు తేలింది. ఇంటికొచ్చి ఆ రివ్యూలు మళ్లీ చదివాను. పదకొండు ఒకే వారంలో పెట్టినవి. "బెస్ట్ లాయర్", "వెరీ గుడ్ సార్", అంతే. ఏ కేసో, ఏ కోర్టో ఒక్కదాంట్లోనూ లేదు.

ఎంవీపీ అడ్వకేట్:
నేను జిల్లా కోర్టులోనే ప్రాక్టీస్ చేస్తాను. 3.2 ఆయన్ని కొట్టిపారేయకండి. మేం కేసు గెలిస్తే ఓడిన అవతలి పార్టీవాళ్లు కోపంతో ఒక స్టార్ ఇచ్చిపోతారు, క్లయింటు సంగతులు బయటపెట్టకూడదు కాబట్టి మేం వివరంగా జవాబు రాయలేం. పైగా లాయర్లకి నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ 36వ రూలు ప్రకారం లాయరు ప్రచారం చేసుకోకూడదు. 2008 నుంచి సొంత వెబ్‌సైట్‌లో పేరు, అడ్రసు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, చదువు, చూసే కేసుల రకం పెట్టుకోనిస్తున్నారు, అంతవరకే. లాయర్లకి రేటింగులిచ్చి బేరం పెట్టే వెబ్‌సైట్ల మీద 2024 జులైలో మద్రాస్ హైకోర్టు గట్టిగానే మాట్లాడి, చర్య తీసుకోమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి చెప్పింది. సివిల్‌లో చేయి తిరిగిన సీనియర్లు చాలామంది ఆన్‌లైన్‌లో మీకు అసలు కనబడరు.

సీతమ్మధార పిన్ని:
కోర్టు కేసుల వివరాలుండే ప్రభుత్వ ఈకోర్ట్స్ సైట్‌లో కేస్ స్టేటస్‌కి వెళ్లి లాయరు పేరుతో గానీ బార్ రిజిస్ట్రేషన్ నంబరుతో గానీ వెతుకు బాబూ. ఆయన చేసేవి స్థలాల దావాలా, చెక్ బౌన్స్ కేసులా తెలిసిపోతుంది, కేసు తెరిస్తే ఏ వాయిదాకి ఏం జరిగిందో కూడా ఉంటుంది. పేరు స్పెల్లింగ్ మారితే కొన్ని కనబడవు, నంబరు అడిగి వెతకడం మేలు. నేను అలా ఇద్దర్ని అనుకుని, ఒక పొద్దున్న పదిన్నరకి కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఒకాయన కాగితం చూడకుండా సర్వే నంబరు, నాలుగు హద్దులు చెప్పేశారు. ఆయన్నే పెట్టుకున్నాను.

స్థలం అమ్మదే కాబట్టి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కూడా అడుగు, ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. ఫోన్ 15100.

పెందుర్తి అబ్బాయి:
చాలా థాంక్స్ పిన్నీ, అన్నా. సోమవారం అమ్మని తీసుకుని కోర్టుకి వెళ్లి కూర్చుంటాం.

ఎంవీపీ అడ్వకేట్:
వెళ్లండి, కానీ వెతుకులాటలో నెల పోనివ్వకండి. గోడ పూర్తికాక ముందే ఇంజంక్షన్ పిటిషన్, అంటే కట్టడం ఆపమని కోర్టుని అడిగే పిటిషన్, పడాలి. ఈరోజే గోడ ఎంతవరకు లేచిందో ఫోటోలు తీసి పెట్టుకోండి.